మీకు సరిపడని హోటలు

ఏప్రిల్ 3

తమ్ముడూ,

అందరం క్షేమమని మొదలుపెడదామనుకున్నాను గానీ అమ్మ మోకాలు ఒప్పుకోవడం లేదు. పొద్దున్నే మంచం దిగడానికి పావుగంట పడుతోంది. చేతికర్ర కొనిస్తే, "నేనేమన్నా ముసలిదాన్నా?" అని నాలుగు రోజులు దాన్ని తలుపు వెనక దాచింది. ఐదోరోజు తనే బయటికి తీసుకుంది. ఇప్పుడు దాంతోనే నన్ను అదిలిస్తోంది.

అసలు సంగతికొస్తాను. అమ్మ నీ కూతుర్ని చూడాలంటోంది. చిట్టికి ఆరేళ్ళొచ్చాయి, నానమ్మ ఇంతవరకూ చూడలేదంటే వినేవాళ్ళు నమ్మరు. తప్పెవరిదన్నది ఇప్పుడు తవ్వను. మే నెలలో మీ బావగారికి బడి సెలవులు. ప్రెస్సులో నాకూ నాలుగు రోజులు సెలవిస్తామన్నారు. ముగ్గురం వస్తాం. మీ ఇంట్లోనే సర్దుకుంటాం. పక్కబట్టలు నేనే తెస్తాను, మీ ఆవిణ్ణి హైరానా పడొద్దని చెప్పు. అమ్మకి గోడ పక్కన ఒక మంచం ఉంటే చాలు. మీ బావగారి సంగతి నీకు తెలిసిందే, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే నిద్రపోతారు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ప్రెస్సులో ఫోన్ యజమాని బల్ల మీద ఉంటుంది. పైగా మనిద్దరం ఫోన్లో రెండో నిమిషానికల్లా అరుచుకుంటాం. ఉత్తరంలో అయితే అరిచినా పక్కవాళ్ళకి వినపడదు.

రోజంతా పరాయివాళ్ళ తప్పులు దిద్దీ దిద్దీ కళ్ళు లాగుతున్నాయి. ఇక్కడితో ఆపుతాను. వెంటనే జవాబు రాయి.

నీ అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే చిట్టి ఇల్లంతా గంతులేసింది. "నానమ్మకి పళ్ళుంటాయా?" అన్నది మొదటి ప్రశ్న. ఉంటాయన్నాను. "ఎన్ని?" అంది. ఆ జవాబేదో నువ్వొచ్చి చెప్పాలి.

ఇంటి సంగతి. మేముండేది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లు అరవై ఎనిమిది, రెండుచోట్ల పట్టుకునే కమ్మీ ఊడిపోయింది. రోజూ పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఎక్కే నాకే మూడో మలుపులో ఊపిరాడదు. అమ్మ మోకాలితో అయ్యే పని కాదు. ఎలాగో ఒకసారి ఎక్కించినా మళ్ళీ దిగలేదు. నాలుగు రోజులూ కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చూస్తూ కూర్చోవాలి.

అందుకని హోటల్లో దిగితే మంచిది. మా కాంట్రాక్టరు కింద నేను పంతొమ్మిది హోటళ్ళలో లిఫ్టులు చూస్తున్నాను కదా, ఈ విషయంలో నా మాట వినొచ్చు. హోటలు మంచిదో కాదో ముందుగదిలో సోఫాలు చూసి చెప్పలేం. డాబా ఎక్కి మోటారు గది తలుపు తీస్తే తెలుస్తుంది. ఆ గది ఊడ్చి ఉంటే వంటిల్లూ ఊడ్చి ఉంటుంది.

మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న హోటలొకటి ఉంది. ఆకుపచ్చ గేటు. ఉన్నవే రెండంతస్తులు, లిఫ్టు గొడవే లేదు. కింద గదులు ఖాళీ ఉన్నాయి. నిన్న టేపు పట్టుకెళ్ళి కొలిచాను. స్నానాల గది గడప రెండు వేళ్ళ ఎత్తుంది. అక్కడ ఒక చెక్క వాలుగా వేయిస్తే అమ్మ కాలెత్తనక్కర్లేదు. మంచం ఎత్తు సరిగ్గా ఆవిడ మోకాలికొస్తుంది. కిటికీలోంచి రోడ్డు కనపడుతుంది, కాలక్షేపానికి లోటుండదు. గోడల రంగు మాత్రం బాగాలేదు, అరిగిపోయిన సబ్బు రంగు.

చిట్టి రోజంతా అక్కడే ఉంటుంది. మేమూ అక్కడికే వస్తాం. సరేనంటే గదులు మాట్లాడేస్తాను. బావగారికి నమస్కారాలు.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్కలాగా, రెండోసారి ప్రూఫు రీడరులాగా. రెండోసారి ఐదు అక్షర దోషాలు దొరికాయి. మొదటిసారి దొరికింది ఒకటే, అది దిద్దడానికి వీల్లేనిది.

లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదా? మీ బావగారికి చెబితే నవ్వారు. అమ్మకి చెబితే నవ్వలేదు. "వాడికి ఇష్టం లేదేమో లేవే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇష్టం లేనిది ఎవరికో నాకు తెలుసు. ఏడేళ్ళ కిందట మా ఆడపడుచు పెళ్ళికి మీరిద్దరూ వచ్చినప్పుడు ఇల్లు మా అత్తవారి తరఫు జనంతో కిటకిటలాడిపోతోంది. కాలు పెట్టే చోటు లేక బస్టాండు పక్క లాడ్జిలో మీకు గది తీశాను. ఆరోజు ముడుచుకున్న మొహం మీ ఆవిడ ఇంతవరకూ విప్పలేదు. ఇప్పుడు తన వంతొచ్చింది, "హోటల్లో దిగండి" అంటోంది. రాసింది నువ్వే అయినా ఆ గొంతు నేను గుర్తుపట్టగలను.

సరే, హోటలే అయితే హోటలే. కానీ అరిగిపోయిన సబ్బు రంగు గోడల మధ్య మమ్మల్ని పడేయక్కర్లేదు. ఈ మధ్యే మీ నగరం హోటలొకటి మా ప్రెస్సులో రంగుల కరపత్రం వేయించుకుంది. అక్కడికన్నా ఇక్కడ చవకట. ముందు భాగమంతా అద్దాలే. నాలుగు పేజీలు, మూడు ప్రూఫులు, ప్రతి అక్షరం నా కళ్ళ కిందనుంచే పోయింది. "రెండు లిఫ్టులు. వృద్ధులకు ప్రత్యేక శ్రద్ధ. ప్రతి గదికీ గాలీ వెలుతురూ." గాలికి దీర్ఘం వాళ్ళు మర్చిపోతే పెట్టింది నేనే. అందులో రెండు గదులు మాట్లాడు.

అమ్మ జన్మలో మొదటిసారి అంత పెద్ద ఊరు చూడబోతోంది. ఒక్కసారి మర్యాదగా దిగనీ.

అక్క


ఏప్రిల్ 22

అక్కా,

మా ఇంటికి లిఫ్టు లేదు. వచ్చాక నీ కళ్ళతో చూద్దువుగాని. ఇంటాయనకి పెట్టించమని నేనే మూడుసార్లు చెప్పాను. "నీకు పని దొరుకుతుందనా?" అన్నాడు.

లాడ్జి సంగతి. ఆరోజు మా ఆవిడ మొహం ముడుచుకోలేదు, వేవిళ్ళతో ఉంది. మూడో నెల. ఆ మాట నీకే ముందు చెబుదామని బస్సు దిగి సరాసరి మీ ఇంటికొచ్చాం. నువ్వు వాకిట్లోనే నిలబెట్టి లాడ్జి తాళంచెవి చేతికిచ్చావు. ఆ గది కిటికీ కిందే బస్సులు నిలబడి పొగ వదిలేవి. ఆమె ఆ రెండు రోజులూ బకెట్టు పక్కనే పడుకుంది. ఇవన్నీ ఎత్తడం నాకిష్టం లేదు. నువ్వెత్తావు గనక రాశాను.

అద్దాల హోటలు మాత్రం వద్దు. అది మీకు సరిపడదు. ఎందుకని అడక్కు. ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఆకుపచ్చ గేటు హోటల్లో కింద రెండు గదులు అట్టేపెట్టమన్నాను. గడప దగ్గర చెక్క వేయించేశాను, ఎక్కి నిలబడి చూశాను కూడా, కదలడం లేదు. ఓనరమ్మ మంచిది, స్నానాల గదిలో కుర్చీ కూడా వేయిస్తానంది.

చిట్టి నానమ్మ బొమ్మ గీసింది. ఎప్పుడూ చూడలేదు కదా, నా మొహమే గీసి వెనకాల ముడి పెట్టింది.

ఈ నెల పని ఎక్కువ. కాగితానికి గ్రీజు మరకలంటితే ఏమీ అనుకోకు.

తమ్ముడు


ఏప్రిల్ 29

తమ్ముడికి,

"మీకు సరిపడదు" అన్నావు. ఎందుకని అడగొద్దన్నావు. అడగను, అర్థమయింది. నువ్వు రోజూ ఎక్కి దిగే అంతస్తులు వేరు, మేం బతికే అంతస్తు వేరు. ఆ అద్దాల ముందు అమ్మ పాత చెప్పులు, మీ బావగారి బడిపంతులు చొక్కా, నా సంచీ నీకు నామోషీ. అక్కడ నిన్నెరిగినవాళ్ళు ఉంటారు. "వీళ్ళా మీవాళ్ళు?" అంటారని భయం.

మా యజమాని ఆ హోటలుకి ఫోన్ చేసి తనే మాట్లాడారు. కరపత్రం బాగా వచ్చిందని వాళ్ళు సంతోషంగా ఉన్నారట, మూడో అంతస్తులో రెండు గదులిచ్చారు. అక్కణ్ణించి ఊరంతా కనపడుతుందట. మే 11 పొద్దున దిగుతాం. నువ్వు స్టేషనుకి రానక్కర్లేదు. చిట్టిని తీసుకుని హోటలుకి రా. మీ ఆవిడ రావడం మానడం ఆవిడ ఇష్టం.

మూడో నెలన్న సంగతి ఆరోజు ఒక్క ముక్క చెప్పుంటే నా మంచమే ఇచ్చేదాన్ని. చెప్పకుండా ఏడేళ్ళు దాచుకుని ఇప్పుడు ఉత్తరంలో పెట్టి గుచ్చావు.

అక్క


మే 4

అక్కా,

నీ ఇష్టం. కానీ మూడో అంతస్తు ఒప్పుకోకు. కింద గది అడుగు. కింద లేవంటే వేరే హోటలు చూసుకుంటామను. మిగతాది వచ్చాక మాట్లాడతాను.

తమ్ముడు


జూన్ 1

తమ్ముడూ,

అమ్మని అంబులెన్సులో పడుకోబెట్టుకుని ఇంటికి చేరాం. దారంతా గుంతలు. ప్రతి గుంతకీ "అయిపోయిందా?" అని అడిగింది. ఇల్లొచ్చేసిందేమో అనుకుంటోందని నేను "ఇంకొంచెమే" అంటూ వచ్చాను.

తుంటి ఎముకకి వేసిన కడ్డీ సరిగ్గానే కూర్చుందని ఇక్కడి డాక్టరూ అన్నాడు. కానీ ఈ వయసులో మంచం పట్టడమే అసలు జబ్బని కూడా అన్నాడు. పూటకోసారి పక్కకి తిప్పుతున్నాం. తిప్పినప్పుడల్లా పళ్ళు కొరుక్కుంటుంది, నోరు మాత్రం విప్పదు. నిన్న ఒక్క మాటంది. "పిల్లకి నా మొహం నచ్చిందా?"

ఇరవై రోజులుగా నా మనసులో తిరుగుతున్నవి కాగితం మీద పెట్టకపోతే నేనూ మంచమెక్కుతాను. విను.

మొదటిది. మీ ఇంటికి లిఫ్టు లేదు. ఆస్పత్రి నుంచి ఒకరోజు బట్టలు మార్చుకోవడానికి మీ ఇంటికి వచ్చాను కదా, ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టాను. అరవై ఎనిమిదే. ఆ విషయంలో నేనన్న మాట తప్పు. ఒప్పుకుంటున్నాను.

రెండోది. అరవై ఎనిమిది అయితే మాత్రం ఏం? ఒక కుర్చీలో కూర్చోబెట్టి నువ్వొకవైపు, మీ బావగారొకవైపు పట్టుకుంటే అమ్మ బరువెంత? పదిసార్లు ఆగుతూనైనా ఎక్కించేవాళ్ళు. ఆ ఆలోచన నీకు రాలేదు. టేపు పెట్టి గడపలు కొలిచావు గానీ అమ్మని మొయ్యాలని తోచలేదు.

మూడోది ఆ హోటలు. మొదటిరోజు నువ్వే అమ్మని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళావు. కిందికి దిగొచ్చి, "ఎడమ లిఫ్టే ఎక్కండి, కుడిది వద్దు" అన్నావు. ఎందుకని అడిగితే అటూ ఇటూ చూసి, "అది కాస్త మొండిది" అన్నావు. మేనేజరు నీ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. నీ పెత్తనం అనుకున్నాను. అమ్మ మాత్రం నీ మాట పట్టుకుని రెండు రోజులూ ఎడమదే ఎక్కింది. మూడోరోజు పొద్దున, మీరొచ్చారని కిందనుంచి కబురొస్తే, నేను జడ వేసుకునేలోగా తనొక్కతే కర్ర పట్టుకుని బయల్దేరింది. ఏది ముందొస్తే అది ఎక్కింది. కుడిది వచ్చింది. కిందికెళ్ళి నేలకి జానెడు పైనే ఆగిందట. తలుపు తెరుచుకుంది, ఎదురుగా చిట్టి కనపడింది, నేల ఉందనుకుని కాలు ముందుకేసింది. ఇవి నువ్వు చూశావు, నేను చూడలేదు. నేను వచ్చేసరికి అమ్మ గచ్చు మీద ఉంది, చిట్టి గోడకంటుకుపోయి చెవులు మూసుకుని ఉంది.

అమ్మే చూసుకోకుండా అడుగేసిందని మేనేజరు అంటున్నాడు. లిఫ్టు బాగానే ఉందట. ఏప్రిల్లో మెకానిక్కు వచ్చి తనిఖీ చేసి, రెండూ సవ్యంగా ఉన్నాయని రిజిస్టరులో సంతకం పెట్టాడట. ఎవడో వాడు. జానెడు ఎత్తున ఆగే లిఫ్టుని సవ్యంగా ఉందని రాసినవాడు. ఆ హోటలు లిఫ్టులు చూసేది మీ కాంట్రాక్టరేనట. ఆయన దగ్గర ఎనిమిది మంది మెకానిక్కులున్నారని ఆస్పత్రిలో అన్నావు. వాళ్ళలో ఎవడో నీకు ఒక్కపూటలో తెలిసిపోతుంది. వాడి పేరు నాకు కావాలి. వాణ్ణి నేను వదలను.

"వృద్ధులకు ప్రత్యేక శ్రద్ధ" అన్న వాక్యం నేనే దిద్దాను. అక్షరాలు దిద్దాను.

అక్క


జూన్ 5

అక్కా,

అమ్మ ఎలా ఉందో ప్రతి రెండు రోజులకీ ఒక కార్డు ముక్కయినా రాయి. నేను రెండు వారాల్లో వద్దామనుకుంటున్నాను. నువ్వు ఊఁ అంటే రేపే బయల్దేరతాను. అమ్మ మంచానికి తలవైపు పట్టుకుని లేవడానికి ఇనప చట్రమొకటి చేస్తున్నాను. మూలలకి గుడ్డ చుడతాను, గుచ్చుకోదు.

మెకానిక్కు సంగతి ఇప్పుడెందుకు? వాడి పేరు తెలిస్తే అమ్మ లేచి నడుస్తుందా? ఇవన్నీ పెద్దవాళ్ళ వ్యవహారాలు. హోటలు వాళ్ళు కాంట్రాక్టరు మీద తోస్తారు, కాంట్రాక్టరు పనివాడి మీద తోస్తాడు. అర్జీలు పెట్టుకుంటూ తిరిగితే ఏళ్ళు గడుస్తాయి. ముందు అమ్మని కోలుకోనీ.

చిట్టి లిఫ్టు బొమ్మ కనపడితే పేజీ తిప్పేస్తోంది. మా ఆవిడ నిన్ను అడిగానని చెప్పమంది. నిజంగానే చెప్పమంది.

తమ్ముడు


జూన్ 14

ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవకుండా మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం చూసి, హోటలు వాళ్ళు నిన్ను బెదిరించారనుకున్నాను. పని పోతుందని వెనక్కి తగ్గుతున్నావనుకుని జాలిపడ్డాను కూడా. అందుకే నీతో సంబంధం లేకుండా మీ బావగారి చేత హోటలుకి ఫోన్ చేయించాను. వాళ్ళు వెంటనే జవాబిచ్చారు. మా తప్పేమీ లేదు, కావాలంటే చూసుకోండి అని రిజిస్టరు పేజీకి నకలు తీసి పంపారు.

ఏప్రిల్ 20. "రెండు లిఫ్టులూ సవ్యంగా పనిచేయుచున్నవి." కింద సంతకం.

నీ సంతకం నాకు తెలియదనుకున్నావా? తొమ్మిదో తరగతిలో మార్కుల కార్డు మీద నాన్న సంతకం పెట్టడం నీకు నేర్పింది నేనే. చివర తోక పైకి లాగొద్దురా, నాన్న కిందికి లాగుతారు అని చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఇప్పటికీ పైకే లాగుతున్నావు.

అద్దాల హోటలు మాట్లాడమని నేను రాసింది ఏప్రిల్ 16న. నువ్వు సంతకం పెట్టింది 20న. "మీకు సరిపడదు" అని రాసింది 22న. ఈ తేదీల మధ్య నేను రెండు రోజులుగా తిరుగుతున్నాను.

ఆ లిఫ్టు చెడిపోయింది, ఎక్కొద్దు. ఇంతే కదా రాయాల్సింది. ఎన్ని అక్షరాలు? గడప రెండు వేళ్ళని రాశావు, గోడ సబ్బు రంగని రాశావు, చిట్టి గీసిన బొమ్మ గురించి రాశావు. ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలేదు?

రావద్దు. నీ చట్రమూ వద్దు. జవాబు మాత్రం రాయి. తప్పులున్నా ఫరవాలేదు, దిద్దను.


జూన్ 19

అక్కా,

రాస్తున్నాను. దీన్లో ఏదీ తగ్గించుకోను.

కుడి లిఫ్టు బ్రేకు పట్టీలు అరిగిపోయాయని ఫిబ్రవరిలోనే కాగితం మీద రాసిచ్చాను. కాంట్రాక్టరు హోటలు వాళ్ళకి చూపించాడు. పెళ్ళిళ్ళ కాలం, లిఫ్టు ఆపితే గదులు ఖాళీ అవుతాయన్నారు వాళ్ళు. మార్చిలో మళ్ళీ రాశాను. కాంట్రాక్టరు నా ముందే దాన్ని నాలుగు ముక్కలు చేసి, "నీకు రాత ఎక్కువయింది, పని తక్కువయింది" అన్నాడు. ఏప్రిల్లో సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే పెట్టేవాళ్ళు ఏడుగురున్నారన్నాడు.

ఆరోజు పొద్దున్నే నీ ఉత్తరం వచ్చింది. మెట్లు దిగుతూ చదివాను. నీ ఉత్తరం జేబులో ఉండగానే సంతకం పెట్టాను. అమ్మ అక్కడ దిగబోతోందని తెలిసే పెట్టాను. నిన్ను మాన్పించగలనులే అనుకున్నాను.

ఎందుకు రాయలేదంటావా? రాస్తే నువ్వూరుకోవు. మీ యజమానికి చెబుతావు, ఆయన హోటలుకి ఫోన్ చేస్తాడు, "మీ మెకానిక్కే చెప్పాడు" అంటాడు. మర్నాటికి నా పని ఉండదు. నువ్వు నోరు మూసుకునే మనిషివి కావని నాకు భయం. అందుకే ఏ అర్థమూ రాని మాట కోసం వెతికి "సరిపడదు" అని రాశాను. దానికి ఆ అర్థం వస్తుందని తట్టలేదు. తట్టి ఉన్నా మార్చేవాణ్ణో లేదో తెలియదు. నీకు కోపమొచ్చిందని తెలిశాక కూడా మార్చలేదుగా.

మీరు దిగినరోజు చెబుదామనే వచ్చాను. మేనేజరు పక్కనుంచి కదల్లేదు. నిన్ను నాలుగడుగులు పక్కకి పిలిస్తే అయిపోయేది. పిలవలేదు. ఎడమది ఎక్కమంటే చాలనుకుని ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

కుర్చీ సంగతి రాశావు. ఆ మాట మా ఆవిడ ఏప్రిల్లోనే అంది. కింది వాటాలో ఇద్దరు సాయం వస్తామన్నారట, తనే వెళ్ళి అడిగొచ్చింది. పక్కింటివాళ్ళ మంచం అరువు తెచ్చి గోడ పక్కన వేసింది. వద్దన్నది నేను. అమ్మని కుర్చీలో మోసుకెళ్తుంటే వాటాలవాళ్ళంతా తలుపులు తీసి చూస్తారని, నేనింకా కమ్మీ లేని ఇంట్లోనే ఉన్నానని అమ్మ అనుకుంటుందని నామోషీ పడ్డాను. నువ్వు నీ ఉత్తరంలో వాడిన మాటే. కానీ ఆ నామోషీ మీ గురించి కాదు, నా గురించే.

నీ ఉత్తరం అందిన రోజే లిఫ్టుల తనిఖీ ఆఫీసుకి వెళ్ళాను. నేను పెట్టింది తప్పుడు సంతకమని రాసి, ఈసారి సరైన సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడి గుమస్తా రెండుసార్లు చదివి, "దీనివల్ల ముందు ఇరుక్కునేది నువ్వే, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. కుడి లిఫ్టుకి సీలు వేశారు. నాకు పని పోయింది. కేసు నడుస్తుందట. ఇవి నీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవడానికి రాయడం లేదు. ఫిబ్రవరిలో చెయ్యాల్సిన పని జూన్‌లో చేశాను, అంతే.

అమ్మకి నువ్వే చెప్పు. లేదంటే నన్ను రమ్మను, నేనే చెబుతాను. నువ్వు రమ్మంటే తప్ప రాను.

తమ్ముడు


జూలై 6

తమ్ముడూ,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులయింది. అమ్మ పోయాక నువ్విక్కడున్న మూడు రోజులూ మనం పనులు తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. కుర్చీలు ఎక్కడ వెయ్యాలి, ఎవరికి కబురు చెయ్యాలి. బయల్దేరేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగావు: "నా ఉత్తరం అమ్మకి చెప్పావా? ఏమన్నా అందా?" నేను, "లేదు, అప్పటికే మగతలో ఉంది" అన్నాను. నువ్వు తలూపి మెట్లు దిగిపోయావు.

అది అబద్ధం.

నీ ఉత్తరం వచ్చింది జూన్ 22న. అమ్మ ఆరోజు తెలివిగానే ఉంది. మంచం పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. చెవి తక్కువ కదా, అరిచి చదవాల్సి వచ్చింది. నీ తప్పుని అరిచి చదవడం నాకు బాగానే ఉంది, ఆ మాటా రాస్తున్నాను. అయిపోయాక అమ్మ, "ఎడమదే ఎక్కమన్నాడే వాడు. పిల్ల కింద ఉందని నేనే ఆగలేకపోయా" అంది. నేను గొంతు పెంచి, "అమ్మా, వాడు సంతకం పెట్టాడు, అర్థమవుతోందా?" అన్నాను. "అర్థమయింది. చెవుడే గానీ తెలివి లేదా నాకు? వాణ్ణి రమ్మని రాయి. కోడల్నీ పిల్లనీ కూడా తీసుకురమ్మను. వాడొక్కడే అన్నీ మీదేసుకుని కూర్చునుంటాడు" అంది.

రాస్తానన్నాను. కాగితం తీసుకున్నాను కూడా. "తమ్ముడూ" అని రాసి ఆపేశాను. నన్నింత కష్టపెట్టి, వీడికి ఇంత సులువుగానా అనిపించింది. నాలుగు రోజులు ఎదురుచూడనీ, ఏడవనీ, తర్వాత రాద్దామనుకున్నాను. అమ్మకింకా టైముందనుకున్నాను.

సాయంత్రం "రాశావా?" అంది. రాశానన్నాను.

రోజూ అడిగేది. "ఇవాళ్టికి అంది ఉంటుందా?" అందుతుందనేదాన్ని. "బయల్దేరి ఉంటారా?" బయల్దేరే ఉంటారనేదాన్ని. తలుపు చప్పుడైతే దిండు మీంచి తల ఎత్తేది. నన్ను జుట్టు దువ్వమంది, చిట్టి మళ్ళీ భయపడకూడదని. మీ ఇంటి కింద కొట్టువాడి ఫోన్ నంబరు నా దగ్గరుంది. అమ్మ పోయిన తర్వాత ఆ నంబరుకే గదా చేయించాను. పోకముందు చేసుంటే ఒక్క రోజులో వచ్చేవాడివి.

ఇది నీకు చెప్పకుండా ఉండిపోవచ్చు. మీ బావగారికి కూడా తెలియదు. నీ సంతకానికైతే నకలు దొరికింది. నేను రాయని ఉత్తరానికి నకలెక్కడుంటుంది? ఎవరూ తీసి నా ముందు పెట్టలేరు. నీకు పని పోయింది, కేసు పడింది, అందరికీ తెలిసింది. నాకేమీ కాలేదు. ప్రెస్సుకి వెళ్తున్నాను, వస్తున్నాను. ఎదురొచ్చినవాళ్ళు, "అమ్మని ఎంత బాగా చూసుకున్నావమ్మా" అంటున్నారు.

నిన్ను క్షమించానని రాయడం లేదు. క్షమించమని అడగడమూ లేదు. అమ్మ నీ మీద కోపంతో పోలేదు, అది నీకు చేరాలి. పిలిచినా నువ్వు రాలేదనుకుని పోయింది, అదీ నీకు చేరాలి. రెండోది నా పని.

ఆరోరోజు సాయంత్రం అమ్మ అడగలేదు. నేనే ఉండబట్టలేక, "ఇంకోసారి రాయనా అమ్మా?" అన్నాను. కళ్ళు తెరవకుండానే అంది:

"వద్దులేవే. వాడికి ఏం ఇబ్బందో ఏమో. మాటిమాటికీ రాసి వాణ్ణి తొందరపెట్టకు."

మర్నాడు పొద్దున పోయింది.

అక్క